కంగారమ్మ కాలేయ వైద్యం

నూనె సీసా బీరువా మీదికెక్కిన రోజు నుంచి ఆ ఇంట్లో వంటగదికి పని తగ్గి, కంగారమ్మ ముక్కుకి పని పెరిగింది. మొగుడు పని నుంచి రాగానే చొక్కా కాలరు వాసన చూసేది. మొగుడి కాలరు వాసన చూసే పెళ్లాం ఏ అత్తరు కోసం వెతుకుతుందో లోకానికి తెలుసు. ఈమె వెతికేది వేపుడు వాసన.

"బయట ఏం తిన్నారు?"

"టీ తాగాను."

"ఏ ఊళ్లోనండీ టీని నూనెలో వేయించేది?"

అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. రోజంతా పదిమందిని పైకీ కిందికీ క్షేమంగా చేర్చి, ఇంటికొచ్చి పెళ్లాం ముందు మాత్రం మధ్యలో ఇరుక్కుపోతాడు. "ఒక్క ముక్క తిన్నానోయ్," అని ఒప్పేసుకుని, ఉడకబెట్టిన క్యాబేజీ ముందు కూర్చునేవాడు. క్యాబేజీ కూడా అతన్ని చూసి జాలిపడుతున్నట్టే ఉండేది.

కంగారమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, అత్తగారు పెట్టింది. పాప పుట్టిన కొత్తలో, బిడ్డ నిద్రలో మరీ చడీచప్పుడు లేకుండా ఉందని లేపి, లేచి ఏడిస్తే మరీ గట్టిగా ఏడుస్తోందని ఆసుపత్రికి పరిగెత్తినప్పుడు పెట్టింది. పేరు అతికినట్టు సరిపోవడంతో అందరూ అలాగే పిలిచారు. ఆమె కూడా ఫోనెత్తి, "నేను, కంగారమ్మని," అనడానికి అలవాటుపడింది. నిజం చెప్పాలంటే, భయపడడం ఒక్కటే ఆమె పూర్తిగా నేర్చుకున్న విద్య. మిగతా చదువు పదో తరగతి మధ్యలో ఆగిపోయింది.

ఆ అత్తగారు సిటీబస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. బస్సు వెనక మెట్టు మీద నిలబడి పిలిస్తే డ్రైవరుకి చెవి పక్కన వినపడే గొంతు. జన్మలో మందు చుక్క ముట్టని మనిషి. అలాంటి మనిషికి కాలేయంలో కణితి ఉందని స్కానింగులో తేలింది.

"ఏళ్ల తరబడి కాలేయానికి కొవ్వు పట్టిందమ్మా," అన్నాడు సర్జను. "మందు తాగనివాళ్లకీ పడుతుంది. దాని మీద ఇది మొలిచింది. అదృష్టం, చిన్నగా ఉండగానే దొరికింది. ఒక మూలన ఉంది, కోసి తీసేయొచ్చు. ఈలోగా బాగా తినండి, నడవండి, బలంగా రండి. ఆపరేషన్ ముందు ఒకసారి బరువూ బలమూ చూస్తాను."

ఇంత మాటలో కంగారమ్మ జల్లెట్లో నిలిచింది ఒక్కటే మాట, కొవ్వు. బాగా తినండి, బలంగా రండి అన్నవి పిండిలా కిందికి జారిపోయాయి. సర్జనుని తిరిగి ఒక ప్రశ్న అడగొచ్చు. కానీ తెల్లకోటు వేసుకున్నవాళ్లని ప్రశ్న అడిగితే, ముందు నువ్వేం చదివావో చెప్పు అంటారేమోనని ఆమెకి చిన్నప్పటి నుంచీ ఒక భయం. ఎవరూ ఎప్పుడూ అనలేదు. అయినా భయానికి సాక్ష్యం కావాలా ఏమిటి.

పైగా ఆమెకి వేరే దారి ఉంది. అదే ఆసుపత్రి వెనక భాగంలో పరిశోధనశాల ఉంది, అందులో ఆమెకి ఉద్యోగం ఉంది. సీసాలూ గొట్టాలూ మూతలూ కడిగి, ఆవిరి పెట్టెలో పెట్టి, ఆరబెట్టి అల్మరాలో సర్దడం. "మా కోడలు ల్యాబులో పని చేస్తుంది," అని అత్తగారు మెట్ల మీద కనపడిన ప్రతివాళ్లకీ చెప్పేది. అబద్ధమేమీ కాదు. అత్తగారు కూడా జీవితమంతా బస్సులోనే పనిచేసింది, ఏనాడూ స్టీరింగు పట్టుకోలేదు.

ఆ ల్యాబులో ఒక పరిశోధన విద్యార్థిని ఉంది. సీసా అడుగంత మందమైన కళ్లద్దాలు. కళ్లద్దాలమ్మాయి అంటారు అందరూ. కాలేయ కాన్సరు కణాలని గాజుపలకంత పల్చటి గిన్నెల్లో, గులాబీరంగు నీళ్లు పోసి పెంచుతుంది. ఆ నీళ్లే వాటి తిండి. ఆ పిల్ల తన కణాల గురించి చెప్పడానికి మనిషి దొరికితే చాలు, వినేది పెద్ద ప్రొఫెసరా సీసాలు కడిగే అక్కా అని చూడదు. మనకి పాప ఫొటోలు చూపించే జబ్బు ఉన్నట్టే అనుకునేది కంగారమ్మ.

అత్తగారికి కణితి తేలిన వారంలోనే ఆ పిల్ల ఆమెని చెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు దగ్గరికి లాక్కెళ్లింది.

"అక్కా, చూడు. ఎర్రగా గుండ్రంగా చుక్కలు కనపడుతున్నాయా? రంగు వేశాను. అవన్నీ కొవ్వే."

కంగారమ్మ ఒక కన్ను మూసి చూసింది. మొదట తన కనురెప్ప వెంట్రుకలే కనపడ్డాయి. వాటిని చూసి, "అమ్మో, ఎంత పొడుగున్నాయి," అంది. తర్వాత కనపడ్డాయి చుక్కలు. కణం కణం నిండా, ఎర్ర పూసలు మూటగట్టినట్టు.

"మామూలు కణం అవసరానికి ఇంత దాచుకుంటుంది. వీటికి ఆశ ఎక్కువ," అంది కళ్లద్దాలమ్మాయి. "ఇవి ఒకటి రెండవ్వాలంటే గోడలు కట్టుకోవాలిగా, ఆ గోడలకి ఇటుకలు కొవ్వే. పొయ్యిలోకి కట్టెలూ కొవ్వే. అది లేకుండా చేస్తే చస్తాయి. ఇదిగో, ఈ పక్క గిన్నె చూడు. చచ్చాయి. ఎలాగంటే..."

ఎలాగో చెప్పేలోపు పిల్లల సంరక్షణ కేంద్రం నుంచి ఫోను. పాప కుర్చీ మీంచి జారి నుదురు కొట్టుకుంది. కంగారమ్మ రబ్బరు చేతితొడుగులతోనే పరుగు. వెళ్లేసరికి పాప నుదుటి మీద చిన్న ఎర్ర మచ్చతో, చేతిలో బిస్కెట్టుతో, అమ్మ ఎందుకు ఏడుస్తోందా అని చూస్తోంది. ఇంటికొచ్చాక కంగారమ్మకి గుర్తున్న పాఠం ఇదీ. కొవ్వు లేకపోతే చస్తాయి. పదో తరగతి లాగే ఈ చదువూ మధ్యలోనే ఆగింది. కాకపోతే ఈసారి ఆగిందని ఆమెకి తెలీలేదు.

సాయంత్రం అత్తగారి ముందు కూర్చుని చెప్పింది. కణాలు, ఎర్ర చుక్కలు, ఇటుకలు, కట్టెలు. నూనె, వెన్న, మీగడ, గుడ్డులో పచ్చసొన, మాంసం, ఏదీ లోపలికి పోకుండా ఆపితే కణితి పస్తులుండి చస్తుందని. చెబుతూ చెబుతూ తన గొంతు తనకే కొత్తగా వినపడింది. తడబాటు లేదు. అత్తగారు చెంప కింద చెయ్యి పెట్టుకుని విన్నది. ఎవరి మాటా విననని పేరున్న మనిషి. బస్సులో పైఅధికారి ఎక్కినా టిక్కెట్టు కొట్టిన మనిషి.

"నువ్వు కళ్లారా చూశావా?"

"చూశాను అత్తయ్యా. చచ్చాయి."

"అయితే ఆపెయ్యి," అంది అత్తగారు. "సీసా కంటికి కనపడకుండా పెట్టు. నా నాలిక మీద నాకు నమ్మకం లేదు."

అంత నమ్మకం తన మీద ఎవరైనా పెట్టడం కంగారమ్మకి అదే మొదలు. ఆ సంతోషంలో బీరువా ఎక్కడానికి స్టూలు వేసుకోవడం కూడా మర్చిపోయి, కుర్చీ చేతుల మీద నిలబడి సీసా పైన పెట్టింది. దిగడానికి మొగుణ్ని పిలవాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నీ ఉడికాయి. ఉడకనిది ఏదైనా ఉంటే అది మొగుడి కడుపు, అదీ లోపల్లోపల ఉడికేది. పాపకి మాత్రం మినహాయింపు. ఎదిగే పిల్ల కదా. రొట్టెకి వెన్న రాసి పెట్టేది. ఒకరోజు పాప సగం కొరికిన రొట్టె ముక్క నాన్నమ్మ నోట్లో పెట్టబోయింది. నాన్నమ్మ ముక్క చేతిలోకి తీసుకుని, వెన్న రాసిన వైపు చెంచాతో గీకి, గీకిన చెంచా పాప నోట్లో పెట్టి, ఎండు రొట్టె తను నమిలింది. గుమ్మంలోంచి చూసిన కంగారమ్మకి గర్వమేసింది. చూశారా, ఎంత పట్టుదలో, అనుకుంది. గర్వం కళ్లకి కూడా అద్దాలుంటే బాగుండేది.

అత్తగారు చిక్కింది. చేతి గడియారం మణికట్టు మీంచి జారి మోచేతి దాకా పోతే దులిపి మళ్లీ కిందికి తెచ్చుకునేది. మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి, ఆగినట్టు కనపడకుండా గోడ మీది రంగు చూస్తున్నట్టు నటించేది. గొంతు కూడా ఇప్పుడు డ్రైవరు దాకా వెళ్లదు, మధ్య సీట్ల దగ్గరే దిగిపోతుంది.

"అమ్మ బాగా తగ్గింది," అన్నాడు మొగుడు.

"తగ్గాలి. కొవ్వు కరుగుతోంది. దానికి తిండి అందట్లేదు."

"అమ్మకి కూడా అందట్లేదుగా."

"మీకు లిఫ్టుల సంగతి తెలుసు. ఇది వేరు."

లిఫ్టు ఆగితే తలుపు విరగ్గొట్టకూడదని, ఎక్కడ ఆగిందో చూడాలని అతనికి తెలుసు. కానీ పెళ్లాం ల్యాబులో పని చేస్తుంది కదా.

సర్జను దగ్గరికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడుతుండగా ల్యాబులో సీసాలు ఆరబెడుతూ కంగారమ్మ ఒక సీసా చూసింది. దాని మీద కళ్లద్దాలమ్మాయి రాతలో, కొవ్వు తీసేసినది, అని ఉంది. లోపల అదే గులాబీరంగు నీళ్లు. కంగారమ్మ గుండె పొంగింది. తన వంటగది లాంటి సీసా.

"మేడం, ఈ నీళ్లు పోసిన గిన్నె చూపిస్తారా ఒకసారి?"

తనంతట తానొచ్చి చూపించమని అడిగిన మొదటి మనిషి. ఆ పిల్ల తింటున్న అరటిపండు బల్ల మీద పెట్టేసి, చేతులు కడుక్కుని పరిగెత్తుకొచ్చింది. కంగారమ్మ ఒక కన్ను మూసింది. ఈసారి కనురెప్పలు అడ్డం రాలేదు. చచ్చిన కణాలని కళ్లనిండా చూద్దామని వంగింది.

ఎర్ర చుక్కలు. కణం కణం నిండా. అంతకుముందు చూసినట్టే.

"గిన్నె మారిందేమో మేడం."

"మారలేదక్కా. అదే కదా వీటి గొప్ప."

"కొవ్వు లేని నీళ్లలో కొవ్వు ఎక్కడిది?"

"సొంతంగా వండుకుంటాయి," అంది కళ్లద్దాలమ్మాయి, తన పిల్లలు ఫస్టు ర్యాంకు తెచ్చుకున్నట్టు. "చక్కెర చాలు వీటికి. దాన్నే కొవ్వుగా మార్చుకుంటాయి. మామూలు కాలేయం కూడా వండుతుంది, కానీ చాలమ్మా అంటే పొయ్యి ఆర్పేస్తుంది. వీటికి చాలు అన్న మాట చెవికెక్కదు. బయట దొరికితే బయటిది తింటాయి, దొరక్కపోతే పొయ్యి ఇంకా పెద్దది చేస్తాయి."

"మరి ఆ రోజు చచ్చినవో?"

"వాటికి ఆ పొయ్యి ఆర్పే మందు వేశాం. అది చెబుతుంటేనే నువ్వు పరిగెత్తావు. అదయినా గిన్నెలో చచ్చాయి, అంతే. మనిషి ఒంట్లో ఆ మందు ఏం చేస్తుందో చెప్పగలిగితే నేనీపాటికి ఇక్కడ అరటిపండు తింటూ కూర్చుంటానా?"

కంగారమ్మ బల్ల అంచు పట్టుకుంది. "మరి మేడం, కాలేయంలో కణితి ఉన్న మనిషి నూనె, వెన్న, గుడ్లు అన్నీ మానేస్తే..."

"ఎవరు మానేశారు?"

"మా పక్కింటావిడ."

"డాక్టరు చెప్పారా?"

"లేదు. వాళ్ల కోడలు చెప్పింది."

"ఆ కోడలికి చెప్పు, తక్షణం ఆపమని," అంది కళ్లద్దాలమ్మాయి. "కణితి అద్దెకి దిగినవాడి లాంటిది అక్కా. ఇల్లుగలవాడు పస్తున్నంత మాత్రాన వాడు పస్తుండడు, ఇల్లుగలవాడి గాదెలోంచి తీసుకుంటాడు. మనిషి ఎండిపోతే ఆపరేషన్ కూడా చేయరు. చేస్తే లేవలేరు. ఎవరక్కా ఆ కోడలు, అంత తెలివైనది?"

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు కంగారమ్మ రెండు చేతులూ కొంగులో తుడుచుకుంది. "ఉంది లెండి. పెద్దగా చదువుకోలేదు," అంది.

ఇంటికి నడిచిన దారి ఆమెకి గుర్తులేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సర్జను దగ్గరికి వెళ్లేలోపు ఆ నాలుకని మళ్లీ అతికించాలి. అదీ తన పరువు పోకుండా. ఎందుకంటే ఇంత జరిగినా ఆమె మనసులో ఒక మూల, పాపం, ఆ పరువు గురించే ఆలోచిస్తోంది. కొత్తగా వచ్చిన పరువు కదా, ఇంకా మడత కూడా నలగలేదు.

అందుకని ఎవరికీ చెప్పకుండా సీసా కిందికి దించింది. కూరగాయల సూపులో రెండు చెంచాల నూనె పోసి గిలకొట్టి, గిన్నె అత్తగారి ముందు పెట్టింది. గిలకొట్టినంతసేపూ కలిసిన నూనె, గిన్నె బల్ల మీద పెట్టగానే పైకి తేలింది. గుండ్రంగా, చుక్కలు చుక్కలుగా. మైక్రోస్కోపులో ఎర్రగా, ఇక్కడ పచ్చగా, అంతే తేడా.

అత్తగారు చెంచాతో ఒక చుక్కని పక్కకి నెట్టింది. అది రెండయింది.

"ఇదేమిటే?"

"ఏది అత్తయ్యా?"

"టిక్కెట్టు లేకుండా ఎక్కినవాణ్ని నేను మొహం చూసి పట్టుకుంటాను. నూనె పట్టుకోలేనా. ఎవరు పోశారు?"

"నేనే. కొంచెం... కొంచెం పరవాలేదంట."

"కళ్లారా చూశానన్నావు, చచ్చాయన్నావు. ఇన్నాళ్లు గడ్డి తిన్నట్టు తిన్నాను. ఇప్పుడు పరవాలేదా?" గిన్నె జరిపేసింది. "నేను తినను."

ఇక లాభం లేదని కంగారమ్మ ఉన్నదంతా చెప్పేసింది. సగం పాఠం, ఫోను, పాప నుదురు, కొవ్వు తీసేసిన సీసా, సొంత పొయ్యి. చెప్పడం అయ్యేసరికి అత్తగారు అరుస్తుందని, గిన్నె విసురుతుందని మెడ లోపలికి ముడుచుకుని కూర్చుంది. అత్తగారు అరవలేదు. చెంచా కింద పెట్టి, చాలాసేపు పాప వంక చూసింది.

"డాక్టరు నీకు ఫోను చేశాడా?"

"లేదత్తయ్యా."

"మీ మామయ్యకి కూడా ఆఖర్న ఇలాగే అయింది. అది తినొద్దు, ఇది తినొద్దు అని డాక్టర్లు నెలల తరబడి కాల్చుకుతిని, ఒకరోజు హఠాత్తుగా, ఆయన అడిగింది పెట్టండమ్మా అన్నారు. అప్పుడే తెలిసిపోయింది నాకు." గొంతు మామూలుగానే ఉంది. "ఆశ ఉన్నంతకాలం వద్దంటారు. ఆశ వదిలేశాక పెట్టమంటారు. నువ్వు మంచిదానివి, చెప్పలేక ఈ కథ అల్లావు. సరేలే. వాణ్ని పిలువు."

కొడుకు వచ్చేసరికి ఆవిడ పాపకి తన గడియారం పెట్టి చూస్తోంది. "పెద్దయ్యాక దీనికివ్వు. బ్యాటరీ మార్పించు. మీ నాన్న ఫొటో వెనక నా పెన్షను కాగితాలున్నాయి." అతను కంగారమ్మ వంక చూశాడు. కంగారమ్మ ఏడుస్తూ, "మీ అమ్మకి నేను ఎంత తెలివితక్కువదాన్నో చెప్పండి," అంది.

పెళ్లయ్యాక పెళ్లాం అతన్ని అడిగిన కోరికల్లో ఇంత సులువైనది ఇంకోటి లేదు. కానీ ఆ మనిషికి లోకజ్ఞానం ఉంది. వల అనుకుని వెనకాడాడు.

"అలా ఏం లేదు, నువ్వు చాలా..."

"చెప్పండి అంటున్నానా. నేను ల్యాబులో విన్నది సగమే. సగం విని అత్తయ్యని ఎండబెట్టాను. డాక్టరు ఏమీ అనలేదు, నాదే తప్పు. నమ్మట్లేదు ఆవిడ. తన కోడలు అంత మూర్ఖురాలు కాదనుకుంటున్నారు."

"ఓ," అన్నాడతను. విషయం మెల్లగా పైఅంతస్తుకి చేరింది. తల్లి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఇది అంత పనీ చేస్తుంది. నేను సాక్ష్యం."

"నువ్వు దాని మొగుడివి. నీ సాక్ష్యం చెల్లదు."

"బీట్‌రూటు సంగతి?"

అత్తగారి పెదవి కొంచెం కదిలింది. పాప డైపరు ఎర్రగా ఉందని, రక్తమని, కంగారమ్మ ఏడ్చుకుంటూ ఆటోలో డైపరు డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, నిన్న ఏం పెట్టారు అని. బీట్‌రూటు తనే తురిమి, తనే తినిపించింది.

"అది తల్లి ప్రేమ," అంది అత్తగారు.

"థర్మామీటరు?" అంది కంగారమ్మ, తన కేసు తనే వాదించుకుంటూ. "శుభ్రం చేద్దామని పాలసీసాతో పాటు ఉడకబెట్టాను. పగిలింది."

"అది శుభ్రత."

"లిఫ్టులో అద్దం చూసి, ఎదురుగా ఉన్నావిడకి దారివ్వడానికి పక్కకి జరిగింది," అన్నాడు మొగుడు. "ఆవిడా జరిగింది. ఇది సారీ కూడా చెప్పింది."

కంగారమ్మ అతని వంక చూసింది. ఈ సంగతి అతను చూశాడని ఆమెకి అప్పటివరకూ తెలీదు.

అత్తగారు తల అడ్డంగా ఊపింది. "ఇవన్నీ అమాయకత్వం. నా ప్రాణం సంగతి వేరు. అంత పెద్ద విషయంలో ఏమీ తెలీకుండా ఎవరైనా చెబుతారా?" ఉన్నట్టుండి కోడలి వంక తిరిగింది. "ఇటు చూడు. కాలేయం ఎక్కడుంటుంది?"

"ఏంటత్తయ్యా?"

"ఇన్నాళ్లు వైద్యం చేశావుగా. కాలేయం ఏ పక్కన ఉంటుందో చెయ్యి పెట్టి చూపించు."

కంగారమ్మకి కావాలని తప్పు చూపించే తెలివి రావాల్సింది ఇక్కడే. రాలేదు. చాలా శ్రద్ధగా, పరీక్షలో కూర్చున్న పిల్లలా ఆలోచించింది. గుండె ఒక పక్క ఉంటుంది, దాని కింద ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలోనే ఉండాలి. ధైర్యంగా తన ఎడమ పక్కటెముకల కింద చెయ్యి వేసింది.

స్కానింగు ముందు జెల్లు ఏ పక్కన రాశారో అత్తగారికి బాగా గుర్తుంది.

ముందు ముక్కులోంచి గాలి వచ్చింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత ఎప్పుడో మధ్య సీట్ల దగ్గర దిగిపోయిన గొంతు మళ్లీ డ్రైవరు దాకా వెళ్లింది. "ఒరేయ్, అక్కడేముందిరా దీనికి," అని, మాట పూర్తిచెయ్యలేక, కుడిపక్క గట్టిగా నొక్కి పట్టుకుని నవ్వింది. "ఇదిరా ఇది. ఇక్కడ. నా కోడలు ఇన్నాళ్లూ పక్కవాటాకి మందు పోసింది." పాప ఏమీ అర్థంకాక చప్పట్లు కొట్టింది. కంగారమ్మ చెయ్యి ఇంకా ఎడమవైపే ఉంది, ఎప్పుడు తీయాలో తెలీక.

నవ్వు తగ్గాక అత్తగారు కళ్లు తుడుచుకుంది. "అయితే డాక్టరు నిజంగా ఏమీ అనలేదా?"

"బాగా తినండి, బలంగా రండి అన్నాడు అత్తయ్యా. మొదటి రోజే అన్నాడు. నేనే వినలేదు."

"నేనూ విన్నాను," అంది అత్తగారు నెమ్మదిగా. "నువ్వు ల్యాబులో ఉండేదానివి కదా, అతని కంటే నీకే ఎక్కువ తెలుసనుకున్నాను." గిన్నె దగ్గరికి లాక్కుంది. "ఇది చల్లారింది. రెండు గుడ్లు వేయించుకు రా. సొనతో."

కంగారమ్మ గుడ్లు వేయించింది. కంగారులో ఒకటి పెంకుతో సహా పెనంలో పడింది. అత్తగారు పెంకు ముక్కలు ఏరుకుంటూ రెండూ తినేసింది.

సర్జను దగ్గర మాత్రం నవ్వు పనిచేయలేదు. బరువు యంత్రం ముల్లు ఎవరి కథా వినదు. అతను అత్తగారి చేతిలో పిడికిలి బలం చూసే పరికరం పెట్టి నొక్కమన్నాడు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నాడు. ఆవిడ లేచింది, కానీ రెండోసారి లేవడానికి ఊపిరి తీసుకుంది. అతను కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఇంత ఎందుకు తగ్గారు?"

"నాకే సయించలేదు బాబూ," అంది అత్తగారు.

"కాదండీ," అంది కంగారమ్మ. "నేను మాన్పించాను. కొవ్వు ఆపితే కణితి చస్తుందనుకున్నాను. ఇప్పుడు మళ్లీ పెడుతున్నాను."

మీరేం చదివారు అని అడుగుతాడని ఎదురుచూసింది. అతను అడగలేదు. "అలా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు," అన్నాడు. "కానీ ఈ ఒంటితో బల్ల ఎక్కించలేను. తేదీ వెనక్కి జరుపుదాం. ఈలోగా తినిపించండి, రోజూ నడిపించండి. మళ్లీ స్కాన్ తీసి చూస్తాను."

"ఈలోగా అది పెరిగితే?"

"పెరగొచ్చు," అన్నాడు సర్జను. "పెరగకపోవచ్చు. చిన్నదే కాబట్టి కొంచెం ఆగే వీలుంది."

బయటికొచ్చాక, మొగుడితో సహా ముగ్గురూ లిఫ్టు ఎక్కలేదు. అత్తగారు మెట్లు దిగుతానంది. ఎవరూ కాదనలేదు.

ఆ ఎదురుచూపుల రోజులు కంగారమ్మ జీవితంలో పస్తులు. ఇంట్లో అందరూ తిన్నారు, ఆమెకి మాత్రం ముద్ద దిగలేదు. ల్యాబులో ఆ గిన్నెల అల్మరా ముందు నుంచి పోవాల్సి వస్తే తల తిప్పుకునేది. లోపల చీకట్లో, వెచ్చగా, చాలు అన్న మాట చెవికెక్కని కణాలు వండుకుంటూ ఉంటాయి. అత్తయ్య ఒంట్లో కూడా ఇప్పుడు అదే జరుగుతుంటుంది, నేను ఇచ్చిన గడువులో, అనుకునేది. ఒకరోజు కళ్లద్దాలమ్మాయి, "పక్కింటావిడ ఎలా ఉంది అక్కా?" అని అడిగితే, "పక్కింటావిడ కాదు మేడం, మా అత్తయ్య. ఆ కోడల్ని నేనే," అనేసింది. ఆ పిల్ల తన అరటిపండులో సగం విరిచి ఆమె చేతిలో పెట్టి, "నాకు ఆ రోజే తెలుసు," అంది. ఇద్దరూ సింకు పక్కన నిలబడి తిన్నారు.

అత్తగారు మాత్రం తిండిని డ్యూటీలా చేసింది. నచ్చినా నచ్చకపోయినా టైముకి ఎక్కి, టైముకి దిగింది. సాయంత్రాలు పాపని వేలు పట్టుకుని వీధి చివరి దాకా నడిచింది. స్కానులో కణితి ఉన్నచోటే, ఉన్నంతే ఉందని చెప్పినప్పుడు కంగారమ్మ కుర్చీలో కూర్చోబోయి, కుర్చీ లేనిచోట కూర్చుంది.

ఆపరేషన్ రోజు మొగుడూ పెళ్లామూ థియేటరు బయట బెంచీ మీద కూర్చున్నారు. అతను లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా శబ్దం విని, దానికి నూనె కావాలని చెప్పి, నూనె అన్న మాట అన్నందుకు నాలిక కరుచుకున్నాడు. సర్జను బయటికొచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి లేచారు.

"తీసేశాం. తట్టుకున్నారు, బాగానే ఉన్నారు. తీసిన ముక్క పరీక్షకి వెళ్తుంది, అది వచ్చాక మిగతా సంగతి మాట్లాడుకుందాం. ఇప్పటికి అంతా సవ్యంగా ఉంది."

మొగుడు రెండు చేతులూ జోడించి వంగిపోయాడు. ఇక అయిపోయిందన్నట్టు సర్జను తిరగబోయాడు.

"డాక్టరుగారూ," అంది కంగారమ్మ. "రేపటి నుంచి ఏం పెట్టాలి?"

"మెత్తగా ఉన్నది ఏదైనా. అన్నీ నర్సు చెబుతుంది."

"నూనె ఎంత? గుడ్డు సొన ఇవ్వొచ్చా? మిగిలిన కాలేయానికి కూడా కొవ్వు పట్టే ఉంటుంది కదా, దాన్నేం చెయ్యాలి? తగ్గించమంటారా, తగ్గిస్తే ఎప్పటి నుంచి? ఎందుకంటే నేను పోయినసారి అడక్కుండా వెళ్లిపోయాను. నాకు సగం అర్థమైతే ఆ సగంతోనే ఇల్లు నడిపేస్తాను, అది నా జబ్బు. మీరు చెప్పింది నేను మళ్లీ చెబుతాను, తప్పుంటే అక్కడే ఆపండి. ముందుగా, కాలేయం కుడిపక్కనే కదా?"

సర్జను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మొగుడి వంక చూశాడు. మొగుడు బెంచీ మీద చివరికి జరిగి చోటిచ్చాడు. సర్జను కూర్చున్నాడు.

"కుడిపక్కనే," అన్నాడు. "చెప్పండి, మొదటి నుంచి."